ఒక్క ప్రొఫెసర్ మీద నడిచే స్పేస్ సెంటర్‌లో పీహెచ్‌డీకి చేరొచ్చా?

గాజువాక నుంచి ఒక తండ్రిగారు అడిగిన ప్రశ్న ఇది. వాళ్లమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్‌లో ఉంది. ఒక యూనివర్సిటీ స్పేస్ రీసెర్చ్ సెంటర్‌లో పీహెచ్‌డీకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అయితే ఆ సెంటర్‌ను పెట్టిందీ, ఇన్నేళ్లుగా నెట్టుకొస్తున్నదీ ఒక్క ప్రొఫెసరేనట, ఆయనకు రిటైర్మెంట్ దగ్గర పడుతోందట. "రేపు ఆయన వెళ్లిపోతే మా అమ్మాయి పరిస్థితి ఏంటి? దీనికన్నా ఇస్రో పరీక్షకు కోచింగ్ ఇప్పిస్తే నయమా?" అని అడుగుతున్నారు. ఇప్పటికే కొందరు "ఒక్క మనిషి మీద నడిచే చోటికి అస్సలు పంపొద్దు" అని తేల్చేశారు.

నేను ఒప్పుకోను సార్. వాల్తేరులో ఫిజిక్స్ చదివి, ఆ తర్వాత రేడియో పరికరాల మధ్యే ఉద్యోగమంతా చేసినవాణ్ని. యాంటెన్నాలు ఎక్కించాను, రిసీవర్లు విప్పి బిగించాను, పిల్లలతో థీసిస్‌లు రాయించాను. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

యూనివర్సిటీల్లో అంతరిక్ష పరిశోధన దాదాపు ఎక్కడ నిలబడిందన్నా ఒక మనిషి ఒకే చోట ఏళ్ల తరబడి కూర్చోబట్టే నిలబడింది. ఇందులో వింతేమీ లేదు. ఒక పరికరం గురించి ఆలోచన వచ్చి, డబ్బు శాంక్షనై, తయారై, పైకి వెళ్లి, డేటా కిందికి వచ్చి, ఆ డేటాకి అర్థం తెలిసేసరికి పదేళ్లు ఇట్టే గడిచిపోతాయి. పీహెచ్‌డీ స్టూడెంట్ ఉండేది ఐదారేళ్లు. మన దగ్గర హెడ్ పదవి రెండుమూడేళ్లకోసారి చేతులు మారుతుంది, వీసీగారు అంతే. మరి ఆ పదేళ్ల పనిని మధ్యలో పడిపోకుండా పట్టుకునేదెవరు? ఎవరో ఒకరు కదలకుండా ఉండాలి. కాబట్టి ఒక్కరే ఉన్నారన్నది లోపం కాదు. ఆ ఒక్కరు పిల్లల చేత ఏం పని చేయిస్తున్నారు, తన చుట్టూ ఎవరిని తయారు చేశారు అన్నది మీరు చూడాల్సింది.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి ఉదాహరణ అమెరికాలోని అయోవా యూనివర్సిటీ. అయోవా అంటే మొక్కజొన్న పొలాల రాష్ట్రం. సముద్రం లేదు, రాకెట్ ఎగరేసే మైదానం లేదు, పెద్ద విమాన కంపెనీల ఊరు కాదు. అక్కడికి 1951 జనవరిలో జేమ్స్ వాన్ ఆలెన్ ఫిజిక్స్ హెడ్‌గా వచ్చారు. ఆ రాష్ట్రంలోనే మౌంట్ ప్లెజెంట్ అనే చిన్న ఊళ్లో 1914లో పుట్టారు, అదే యూనివర్సిటీలో 1939లో పీహెచ్‌డీ చేశారు. యుద్ధకాలంలో, లక్ష్యం దగ్గరికి రాగానే గుండు తనంతట తాను పేలేలా చేసే ప్రాక్సిమిటీ ఫ్యూజుల మీద పని చేశారు. యుద్ధం అయ్యాక జర్మనీ నుంచి తెచ్చిన వీ-2 రాకెట్లలో గైగర్ కౌంటర్లు (కణం తగిలినప్పుడల్లా ఒకటి లెక్కపెట్టే గొట్టాలు) పెట్టి కాస్మిక్ కిరణాలను, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలను కొలిచారు. అంత అనుభవం ఉన్న మనిషి పెద్ద ప్రభుత్వ ల్యాబ్‌లోనే ఉండిపోవచ్చు. ఆయన మాత్రం సొంత రాష్ట్రానికి తిరిగొచ్చి ఫిజిక్స్ బిల్డింగ్ బేస్‌మెంట్‌లో పని మొదలెట్టారు. 1985 దాకా హెడ్‌గా ఉన్నారు. రిటైరయ్యాక కూడా ఆఫీసుకు రావడం మానలేదు, 2006లో 91 ఏళ్ల వయసులో పోయేదాకా పరిశోధన వదల్లేదు.

మొదట్లో వాళ్ల దగ్గర పెద్ద రాకెట్ కొనే డబ్బు లేదు. అందుకని చిన్న రాకెట్‌ను పెద్ద బెలూన్‌కి వేలాడదీసి, గాలి బాగా పలచబడే ఎత్తుకు తీసుకెళ్లి అక్కడ పేల్చేవారు. చిన్న రాకెట్ బలంలో చాలా భాగం కింది దట్టమైన గాలిని చీల్చడానికే ఖర్చయిపోతుంది కాబట్టి, ఆ గాలి దాటాక పేలిస్తే చిన్న రాకెట్ కూడా చాలా పైకి పోతుంది. దీన్ని రాకూన్ అన్నారు. 1952 వేసవిలో ఈస్ట్‌విండ్ అనే కోస్ట్‌గార్డ్ నౌక ఎక్కి గ్రీన్‌లాండ్ వైపు వెళ్లారు. మొదటి రెండు బెలూన్లు చక్కగా పైకి లేచాయి, రాకెట్లు మాత్రం పేలలేదు. పైన చలికి, రాకెట్‌ను పేల్చాల్సిన గడియారం యంత్రం బిగుసుకుపోయి ఉంటుందని వాన్ ఆలెన్ అనుమానించారు. నడిసముద్రంలో హీటర్ ఎక్కడ దొరుకుతుంది? నౌక వంటగదిలోని ఆరెంజ్ జ్యూస్ డబ్బాలు తెప్పించి, బాగా వేడి చేసి, గడియారం పక్కన పెట్టి, వేడి పోకుండా చుట్టి పంపారు. మూడో రాకెట్ పేలింది. మీ అమ్మాయి ఇలాంటి బుర్ర నేర్చుకోవాలి, ఇది కోచింగ్ సెంటర్‌లో నేర్పరు. తప్పు ఎక్కడ జరిగి ఉంటుందో ఊహించడం, చేతిలో ఉన్నదాంతో సరిచేయడం పరికరం ముందు కూర్చుంటేనే వస్తాయి.

తర్వాత 1957-58లో, చాలా దేశాలు కలిసి భూమినీ దాని పరిసరాలనీ కొలిచిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం వచ్చింది. దానికోసం ఉపగ్రహంలో పెట్టే కాస్మిక్ కిరణాల పరికరాన్ని అయోవాలో తయారు చేసింది జార్జ్ లుడ్విగ్ అనే స్టూడెంట్. అది అమెరికా నౌకాదళం వాళ్ల వాన్‌గార్డ్ రాకెట్ కోసం అనుకున్నది. కానీ సైన్యం వాళ్ల రాకెట్‌లో వెళ్లే అవకాశం కూడా రావొచ్చని వాన్ ఆలెన్ ముందే పసిగట్టి, రెండిటిలోనూ పట్టే కొలతలతో చేయించారు. 1957 అక్టోబర్ 4న రష్యావాళ్ల తొలి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది, డిసెంబర్ 6న వాన్‌గార్డ్ లాంచ్‌ప్యాడ్ మీదే పేలిపోయింది. అందరూ కంగారుపడుతున్నప్పుడు అయోవా పరికరం మాత్రం సిద్ధంగా ఉంది. లుడ్విగ్ ఇంటిల్లిపాదినీ పరికరాన్నీ కారులో ఎక్కించుకుని కాలిఫోర్నియాలోని జేపీఎల్ ల్యాబ్‌కి తీసుకెళ్లాడు. 1958 జనవరి 31 రాత్రి ఎక్స్‌ప్లోరర్-1 పైకి వెళ్లింది. బరువు 14 కిలోలు.

అసలు కథ ఆ తర్వాత ఉంది. ఎక్స్‌ప్లోరర్-1లో రికార్డర్ లేదు. కింద ఏదైనా స్టేషన్ మీదుగా పోతున్నప్పుడు మాత్రమే కొన్ని నిమిషాల డేటా దొరికేది. తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు కౌంటర్ సెకనుకి 30 చొప్పున, అనుకున్నట్టే లెక్కించింది. దక్షిణ అమెరికా మీద బాగా ఎత్తుకు పోయినప్పుడు సున్నా చూపించింది. కాస్మిక్ కిరణాలు సున్నా ఎలా అవుతాయి? కౌంటర్ చెడిపోయిందని ఎవరైనా అనుకుంటారు. మార్చి 26న వెళ్లిన ఎక్స్‌ప్లోరర్-3లో లుడ్విగ్ చేసిన బుల్లి టేప్ రికార్డర్ ఉంది. అది ఒక ప్రదక్షిణ మొత్తాన్నీ రాసిపెట్టుకుని, స్టేషన్ అడగ్గానే కొద్ది సెకన్లలో అప్పజెప్పేది. వాన్ ఆలెన్ వాషింగ్టన్‌లో ఆ డేటా తీసుకుని, షాపులో గ్రాఫ్ పేపర్ కొనుక్కుని, హోటల్ గదిలో రాత్రంతా కూర్చుని చేత్తో గీశారు. లెక్క మామూలుగా మొదలై, గబగబా పెరిగి, ఉన్నట్టుండి సున్నాకి పడి, మళ్లీ పైనుంచి కిందికి దిగింది. ఈలోగా అయోవాలో కార్ల్ మెక్‌ఇల్వేన్ అనే ఇంకో స్టూడెంట్ మిగిలిన స్పేర్ కౌంటర్‌ను ఎక్స్‌రే యంత్రం ముందు పెట్టి చూశాడు. రేడియేషన్ మరీ ఎక్కువైతే కౌంటర్ ఉక్కిరిబిక్కిరై సున్నా చూపిస్తుంది! అంటే పైన ఏమీ లేక కాదు, కౌంటర్ పట్టలేనంత ఉంది. 1958 మే 1న ప్రకటించారు. భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న ఆ కణాల వలయాలే ఇవాళ మీ అమ్మాయి పుస్తకంలో ఉన్న వాన్ ఆలెన్ బెల్టులు.

పేరు ప్రొఫెసర్‌గారికి వచ్చింది. కానీ చూడండి, పరికరం చేసింది స్టూడెంట్, దాన్ని పరీక్షించి చిక్కు విప్పింది ఇంకో స్టూడెంట్, వాళ్ల పేర్లు పేపర్ల మీద ఉన్నాయి, ఇవాళ నేను విశాఖలో కూర్చుని ఆ పేర్లు రాయగలుగుతున్నాను. నా దృష్టిలో మంచి వ్యవస్థాపక ప్రొఫెసర్‌కి ఇంతకన్నా పెద్ద గుర్తు లేదు. 1961లో వెళ్లిన ఇంజున్-1ని పూర్తిగా యూనివర్సిటీలోనే తయారైన తొలి ఉపగ్రహంగా చెబుతారు, అదీ అయోవాదే. ఆ రోజుల్లోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతూ ల్యాబ్‌లో చేరిన డాన్ గర్నెట్ అనే కుర్రాడు అక్కడే ప్రొఫెసరై, 1977లో వెళ్లిన వాయేజర్ నౌకల్లోని ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న కణాల వాయువు) తరంగాల పరికరం మీద పని చేశాడు. 2012 ఆగస్టులో వాయేజర్-1 సూర్యుడి ప్లాస్మా దాటి నక్షత్రాల మధ్య ప్రాంతంలోకి అడుగుపెట్టిందని తేల్చింది ఆ పరికరమే. వాన్ ఆలెన్ పోయి అప్పటికి ఆరేళ్లు. "ఆయన వెళ్లిపోతే ఏంటి" అన్న మీ ప్రశ్నకి అయోవా చెప్పే జవాబు అది.

ఇంకో దారి కూడా ఉంది. ఇంగ్లండ్‌లోని సర్రే యూనివర్సిటీలో మార్టిన్ స్వీటింగ్ అనే హామ్ రేడియో మనిషి (సరదాకి సొంత రేడియో స్టేషన్ నడిపేవాడు), చిన్న బృందంతో యూఓశాట్-1 అనే ఉపగ్రహం చేసి 1981 అక్టోబర్‌లో పంపారు. మరుసటి ఏడాది ఒక సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల దాని రెండు ట్రాన్స్‌మిటర్లూ ఒకేసారి ఆన్ అయిపోయి, కిందనుంచి పంపే ఆదేశం దానికి వినిపించకుండా పోయింది. నెలల తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ దగ్గరున్న 150 అడుగుల డిష్‌తో గట్టిగా అరిచినట్టు సిగ్నల్ పంపి దాన్ని దారికి తెచ్చారు. 1985లో ఆ ల్యాబ్ నుంచే కంపెనీ పుట్టింది, చిన్న ఉపగ్రహాల వ్యాపారంలో పెద్ద పేరైంది. ఆ తరహా చోట చేరితే ఇంజనీరింగ్ ఎక్కువ, ఫిజిక్స్ తక్కువ. మీ అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ కాబట్టి ఈ తేడా ముందే కనుక్కోవడం మంచిది.

సరే, ఇదంతా విదేశాల సంగతి, మన ఊళ్లో ఏముంది అంటారేమో. అయోవా వాళ్లు ఎక్స్‌ప్లోరర్ పంపిన ఆ భూభౌతిక సంవత్సరంలోనే వాల్తేరులో, ఆంధ్ర యూనివర్సిటీలో, ప్రొఫెసర్ బి.రామచంద్రరావుగారూ ఆయన శిష్యులూ అయనోస్ఫియర్, అంటే ఎండకి అణువులు విడిపోయి ఎలక్ట్రాన్లు తిరిగే పై వాతావరణ పొర, ఎటు కదులుతోందో కొలుస్తున్నారు. రాకెట్ లేదు, ఉపగ్రహం లేదు. ఒక ట్రాన్స్‌మిటర్, మూడు యాంటెన్నాలు. ఆ పద్ధతి ఎంత అందంగా ఉంటుందో చెబుతాను. ట్రాన్స్‌మిటర్ నిట్టనిలువుగా పైకి రేడియో పల్స్ పంపుతుంది. వంద నుంచి మూడొందల కిలోమీటర్ల ఎత్తులో ఉన్న అయనోస్ఫియర్ దాన్ని వెనక్కి కొడుతుంది. అక్కడి పొర అద్దంలా నున్నగా ఉండదు, గతుకులు గతుకులుగా ఉంటుంది, అందుకని కిందికొచ్చే ప్రతిధ్వని ఒకసారి బలంగా, ఒకసారి నీరసంగా వస్తుంది. దాన్నే ఫేడింగ్ అంటాం. మూడు యాంటెన్నాలను లంబకోణ త్రిభుజంగా, సుమారు వంద మీటర్ల దూరంలో పాతుతారు. మొదటి యాంటెన్నాలో పడిపోయిన సిగ్నల్ అర సెకను తర్వాత రెండోదాంట్లో పడిపోతే, పైనున్న గతుకులు ఆ దిక్కుగా కదులుతున్నాయన్నమాట. మూడింటి తేడాలూ కలిపి లెక్కగడితే వేగమూ దిక్కూ రెండూ వస్తాయి. సెకనుకి వంద మీటర్ల లెక్కలో ఉంటుంది ఆ వేగం. నేల మీద నమూనా కదిలే వేగంలో సగమే పైనున్న దాని వేగం అని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ట్రాన్స్‌మిటర్ కూడా నేల మీదే ఉంది. ఇంత చిన్న సరంజామాతో మూడొందల కిలోమీటర్ల పైన జరిగేది తెలుస్తోందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మన ఊరికి ఇంకో అదృష్టం ఉంది. భూమి అయస్కాంత రేఖలు నేలకి సమాంతరంగా ఉండే అయస్కాంత భూమధ్యరేఖ కేరళ కొస మీదుగా పోతుంది, 1963 నవంబర్ 21న మన దేశపు తొలి రాకెట్ ప్రయోగం తుంబాలో జరగడానికి కారణం అదే. పగటిపూట అక్కడ పైకి లేచిన ప్లాస్మా అయస్కాంత రేఖల వెంబడి జారి ఉత్తరాన భోపాల్, అహ్మదాబాద్ అక్షాంశాల దగ్గర పోగవుతుంది. కేరళ కొసకీ ఆ పోగుకీ మధ్య వాలు మీద ఉంది విశాఖ. పొద్దు కుంకాక ఆ ప్లాస్మాలో బుడగలు లేచి జీపీఎస్ సిగ్నల్‌ను వణికిస్తాయి, ముఖ్యంగా మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్ నెలల్లో, సూర్యుడు హుషారుగా ఉన్న సంవత్సరాల్లో. విమానాలకు దారి చూపే గగన్ వ్యవస్థ పెట్టేటప్పుడు దేశమంతా జీపీఎస్ రిసీవర్లు పెట్టి ఈ లెక్కలే తీశారు. ఆ డేటా మీద ఆంధ్ర యూనివర్సిటీ స్పేస్ ఫిజిక్స్ ల్యాబ్ నుంచి ప్రొఫెసర్ పి.వి.ఎస్.రామారావుగారి బృందం 2006లో రాసిన పేపర్‌ను ఇప్పటికీ అందరూ ఉదహరిస్తారు. 1950ల నాటి మూడు యాంటెన్నాల నుంచి 2000ల నాటి జీపీఎస్ రిసీవర్ల దాకా పరికరం మారింది, మనుషులు మారారు, అయనోస్ఫియర్‌ని అడిగే ప్రశ్న తెగలేదు. మీ అమ్మాయి వెళ్లే సెంటర్‌లో ఇలాంటి తెగని ప్రశ్న ఒకటి ఉందా అన్నది ముందు తేల్చుకోండి. "అంతరిక్షంలో అన్నీ చేస్తాం" అంటే నమ్మకండి. మా ప్రశ్న ఇది, ఇన్నేళ్లుగా దీన్నే తవ్వుతున్నాం అని ఒక్క వాక్యంలో చెప్పగలిగితే సగం నమ్మకం కుదిరినట్టే.

ఇంటర్వ్యూ రోజు వాళ్లు ల్యాబ్ చూపిస్తారు. గాజు పెట్టెలో రాకెట్ బొమ్మ, గోడ మీద ఒప్పందాల (ఎంఓయూల) ఫొటోలు, చెప్పులు విప్పి వెళ్లే క్లీన్ రూమ్ చూపిస్తారు. అవన్నీ చూసి దండం పెట్టి, తర్వాత లాగ్‌బుక్ చూపించమని అడగమనండి. పరికరం ఏ రోజు ఆన్ చేశారు, ఏ రోజు ఆగింది, ఎవరు బాగుచేశారు అని చేత్తో రాసిన పుస్తకం. అది నలిగి, రకరకాల చేతిరాతలతో ఉంటే పని జరుగుతోందని అర్థం. తర్వాత మేడ మీదికి వెళ్లి యాంటెన్నా కనెక్టర్లు చూడమనండి. మన సముద్రపు గాలికి ఇత్తడి కనెక్టర్ మీద కొన్ని నెలల్లో పచ్చగా చిలుము పడుతుంది, లోపలికి తేమ దిగితే కేబుల్ మొత్తం పాడవుతుంది. రబ్బరు టేపు సాగదీసి గట్టిగా చుట్టి, కేబుల్ గోడలోకి వెళ్లే ముందు కిందికి ఒక మెలిక వదిలి, నీళ్లు అక్కడే కారిపోయేలా చేసి ఉంటే ఆ ల్యాబ్‌లో పట్టించుకునే మనిషి ఉన్నట్టు. ఆ మనిషి చాలాసార్లు ప్రొఫెసర్ కాదు, టెక్నీషియన్. ఆయన పేరు కనుక్కోమనండి, ఆయనతో ఐదు నిమిషాలు మాట్లాడమనండి. ల్యాబ్ ఆరోగ్యం గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత లైబ్రరీలో ఆ సెంటర్ నుంచి వచ్చిన ఇటీవలి థీసిస్‌లు తిరగేయాలి. డేటా ఎక్కడిది అన్న అధ్యాయం చదివితే చాలు. ప్రతి థీసిస్‌లోనూ వేరే దేశం వెబ్‌సైట్ నుంచి దించుకున్న డేటాయే ఉందా, సొంత పరికరం డేటా కూడా ఉందా? దించుకున్న డేటాతో మంచి పని చేయలేమని కాదు, చాలామంది చేస్తున్నారు. కానీ దానికోసం స్పేస్ సెంటరే అక్కర్లేదు, ఎక్కడైనా చేయొచ్చు. ఇంకా, పేపర్లలో స్టూడెంట్ పేరు మొదట ఉందా, ప్రొఫెసర్ పేరు లేకుండా అదే సెంటర్ నుంచి ఒక్క పేపరైనా వచ్చిందా? పాత స్టూడెంట్లు ఇప్పుడు ఎక్కడున్నారు? వాళ్లలో ఒక్కరైనా తిరిగొచ్చి అక్కడే పాఠాలు చెబుతున్నారా? ఇది చాలా ముఖ్యం. ఎన్నో ఏళ్లు నడిపి, తన తర్వాత నిలబడే మనిషిని ఒక్కర్నీ తయారు చేయని ప్రొఫెసర్ ఎంత గొప్పవాడైనా ఆయన దగ్గర చేరమని నేను చెప్పను. అలాంటి చోట ఆయన రిటైరైన మర్నాడే గదికి తాళం పడుతుంది, పరికరాలు స్టోర్‌రూమ్‌లోకి పోతాయి. అది నేను కళ్లారా చూశాను, ఏ ల్యాబో చెప్పను గానీ ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సొంత ఉపగ్రహం చేస్తాం, అందులోనే నీ పీహెచ్‌డీ అని అంటే మాత్రం ఆలోచించుకోండి. మన దేశంలో అన్నా యూనివర్సిటీ వాళ్ల 40 కిలోల అనుశాట్ 2009లో వెళ్లింది, కాలేజీలు కలిసి చేసిన స్టడ్‌శాట్ 2010లో, ఐఐటీ బొంబాయి ప్రథమ్ 2016లో వెళ్లాయి. ప్రథమ్ ఉద్దేశం కూడా అయనోస్ఫియర్‌లో ఎలక్ట్రాన్లు లెక్కించడమే. ఆ ప్రాజెక్టు మొదలెట్టిన పిల్లలు డిగ్రీలు పుచ్చుకుని ఎప్పుడో వెళ్లిపోయారు, ఎగిరేనాటికి ఉన్నది వేరే బ్యాచ్. నేర్చుకోవడానికి ఉపగ్రహం బ్రహ్మాండం, కానీ థీసిస్ గడువును లాంచ్ తేదీకి ముడిపెట్టకూడదు. నేల మీది పరికరం డేటాతో ఒక అధ్యాయం ముందే ఖాయం చేసుకుని, ఉపగ్రహం పనిలో చేయి వేయమనండి.

ఇక మీ అసలు భయం, రిటైర్మెంట్. దీనికి యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో జవాబుంది. రిటైర్మెంట్‌కి మూడేళ్లలోపు సర్వీసు మిగిలినవారు కొత్త స్కాలర్‌ను తీసుకోకూడదు. కాబట్టి ఆయన మీ అమ్మాయిని తీసుకుంటున్నారంటే మూడేళ్లకు తక్కువ కాకుండా ఉండాలి, ఆ తేదీ నేరుగా అడిగేయండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. అంతకుముందే రిజిస్టరైన స్కాలర్లకి రిటైరయ్యాక కూడా కో-గైడ్‌గా కొనసాగవచ్చు, 70 ఏళ్ల వరకు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు, పైన రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, ఆడపిల్లలకు దానిమీద మరో రెండేళ్ల వెసులుబాటు. ప్రసూతి సెలవు 240 రోజుల వరకు ఉంది. మీరు పట్టుబట్టాల్సింది ఒకటే: రిజిస్ట్రేషన్ రోజునే అదే డిపార్ట్‌మెంట్‌లోని వయసులో చిన్న ఫ్యాకల్టీ ఒకరిని కో-గైడ్‌గా కాగితం మీద పెట్టించుకోండి. నోటిమాట వద్దు. మంచి ప్రొఫెసరైతే మీరు అడక్కుండానే చేస్తారు. "నేనున్నాను కదా, అదంతా ఎందుకు" అంటే అక్కడ ఆగి ఆలోచించండి.

ఇస్రో పరీక్ష సంగతికి వస్తే, సైంటిస్ట్-ఇంజనీర్ పోస్టుల పెద్ద నోటిఫికేషన్లు ఎక్కువగా ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్స్ ఇంజనీరింగ్ వాళ్లకే వస్తాయి. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కి వచ్చేవి తక్కువ. ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని ఏళ్లు పోగొట్టుకోవద్దు. పరిశోధనలో చేరడానికి పనికొచ్చే నెట్, గేట్, జెస్ట్ పరీక్షలు రాయమనండి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. ఆ ఫెలోషిప్ చేతిలో ఉంటే ప్రొఫెసర్ ప్రాజెక్టు డబ్బు ఆగినా అమ్మాయి ఆగిపోదు. మన రాష్ట్రంలోనే తిరుపతి దగ్గర గాదంకిలో ఎన్‌ఏఆర్‌ఎల్ అనే జాతీయ వాతావరణ పరిశోధన ల్యాబ్ ఉంది, అంతరిక్ష శాఖదే. 53 మెగాహెర్ట్జ్ రాడార్, 1024 యాంటెన్నాలు పరిచిన మైదానం, చూడ్డానికే రెండు కళ్లు చాలవు. వాల్తేరులాంటి చోట చేతులు పాడు చేసుకుని నేర్చుకున్న పిల్లలు అక్కడికి వెళ్లి సులువుగా కలిసిపోతారు. అంటే పీహెచ్‌డీ, అంతరిక్ష శాఖ ఉద్యోగం అనేవి ఒకదాన్ని వదులుకుంటేనే ఇంకోటి దొరికే దారులు కావు.

చివరగా ఇంటర్వ్యూకి ఎలా వెళ్లాలో చెబుతాను. ఖాళీ చేతులతో వద్దు. హైదరాబాద్, బెంగళూరుల్లో అంతర్జాతీయ జీపీఎస్ నెట్‌వర్క్ స్టేషన్లున్నాయి, వాటి రోజువారీ ఫైళ్లు ఉచితంగా దొరుకుతాయి. జీపీఎస్ రెండు ఫ్రీక్వెన్సీల్లో వస్తుంది, 1575.42, 1227.60 మెగాహెర్ట్జ్. దారిలో ఎలక్ట్రాన్లు ఎన్ని ఉంటే ఈ రెండూ అంత తేడాతో ఆలస్యమవుతాయి, ఆ తేడాలోంచే ఎలక్ట్రాన్ల మొత్తం బయటికి వస్తుంది. చదరపు మీటరుకి పది పవర్ పదహారు ఎలక్ట్రాన్లను ఒక యూనిట్ అంటాం, ఒక్కో యూనిట్‌కి జీపీఎస్ దూరంలో 16 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. వంద యూనిట్లుంటే 16 మీటర్లు, విమానం దిగేటప్పుడు ఇది చిన్న తప్పు కాదు. 2024 మే 10, 11 తేదీల్లో పెద్ద సౌర తుపాను వచ్చింది కదా, ఆ రెండు రోజులకీ, ముందు వారంలో ప్రశాంతంగా ఉన్న రోజొకదానికీ గ్రాఫ్ గీయమనండి. ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి, కాస్త పైథాన్ వస్తే ఇంకా మంచిది. రిసీవర్ బయాస్ (రిసీవర్ తనంతట తాను కలిపే తప్పు) తీసేయకపోతే రాత్రిపూట విలువలు మైనస్‌లోకి పోతాయి, అక్కడ చాలామంది తికమకపడతారు, ముందే చెప్పండి.

ఆ గ్రాఫ్ పట్టుకుని వెళ్లి ఆ ప్రొఫెసర్‌గారి ముందు పెట్టి, ఈ వంపు ఎందుకొచ్చింది సార్ అని అడగమనండి. ఆయన ఆ కాగితం మీదికి వంగి పెన్సిల్ తీస్తే చేరిపోమనండి. ఇంటర్వ్యూ తేదీ ఎప్పుడో మీరు రాయలేదు. రెండు వారాలు టైముంటే ఈ పని అవుతుంది. ఫైల్ తెరవడం దగ్గరో బయాస్ దగ్గరో ఆగిపోతే అమ్మాయినే ఇక్కడ అడగమనండి, నేను రోజూ రాత్రి భోజనాలయ్యాక చూస్తుంటాను.